పొట్లం దొరికిన రాత్రి అడగాల్సిన మాట

పదిహేనేళ్ల కుర్రాడి స్కూలు బ్యాగులో గంజాయి పొట్లం దొరికిందనుకోండి. ఆ రాత్రి ఆ ఇల్లు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. తల్లి ఒక మూల కూర్చుని ఏడుస్తుంటుంది. తండ్రి అప్పటికే నాలుగు దెబ్బలు వేసి ఉంటాడు. మేనమామకు ఫోను వెళుతుంది. ఆయన వచ్చాక అందరూ చుట్టూ చేరి వాణ్ణి అడిగేది ఒకటే మాట. ‘ఎవడ్రా నీకిది అలవాటు చేసింది?’

అడగాల్సిందే. కాదనను. కానీ అంతకంటే ముందు అడగాల్సిన మాట ఇంకొకటుంది. అది వాణ్ణి కాదు, మనల్ని మనం అడుక్కోవాలి. వీడు రెండో తరగతిలో, మూడో తరగతిలో ఎలా ఉండేవాడు? ఒక్కచోట కూర్చోగలిగేవాడా? మొదలుపెట్టిన పని ముగించేవాడా? అప్పుడు టీచర్లు ఏమనేవారు?

పిల్లల మానసిక వైద్యంలో ఉన్నవాళ్లం ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాం. పొట్లం పట్టుకుని పరుగెత్తుకొచ్చిన తల్లిదండ్రులకు ఇది వింతగా ఉంటుంది. ఇప్పటి సంగతి చెబుతుంటే డాక్టరు పాత సంగతులు తవ్వుతాడేమిటి అనుకుంటారు. కానీ చాలా ఇళ్లలో ఇప్పటి సంగతికి మొదలు అక్కడే ఉంటుంది. ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

ఒక కుర్రాడి కథ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. చాలామంది పిల్లల్ని కలిపి ఒక్కడిగా చేసి చెబుతున్నాను. పేరు చందు అనుకుందాం.

చందుకు నడక వస్తూనే పరుగు వచ్చింది. అన్నం ముద్ద నోట్లో పెట్టించుకుని, ఇల్లంతా ఒక చుట్టు తిరిగొచ్చి, రెండో ముద్దకు నోరు తెరిచేవాడు. పెళ్లికి తీసుకెళితే వాళ్లమ్మ పెళ్లి చూసేది కాదు, వీణ్ణి చూసుకోవడంతోనే సరిపోయేది. నాన్నమ్మ మాత్రం మురిసిపోయేది. ‘వాళ్ల నాన్నా ఇంతే. కాలు ఒక్కచోట నిలిచేది కాదు’ అనేది. ఆ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

బడిలో వేశాక ఆ మురిపెం పోయింది.

చందు మూడో తరగతి లెక్కల నోటు పుస్తకం ఒకసారి తిప్పి చూద్దాం. మొదటి పేజీలో అంకెలు గుండ్రంగా ఉన్నాయి. మార్జిను స్కేలు పెట్టి గీశాడు. రెండో పేజీలో మార్జిను చేత్తో గీశాడు. మూడో పేజీకి మార్జినే లేదు. పది తీసివేత లెక్కలు ఇచ్చారు. మొదటి మూడూ కరెక్టు. నాలుగోదానిలో తీసివేయాల్సింది పోయి కూడేశాడు. ఐదోది బోర్డు మీద నుంచి సగమే దించుకున్నాడు. ఆ తర్వాత లెక్కలు లేవు. పేజీ అడుగున ఒక విమానం బొమ్మ ఉంది. దాని పక్కన టీచరు ఎర్ర సిరాతో రాసిన మాట ఒకటి ఉంది. ‘అశ్రద్ధ.’

ఇప్పుడు మీరే చెప్పండి. వీడికి తీసివేతలు రావా? వచ్చు. మొదటి మూడూ చేశాడు కదా. నాలుగో లెక్క దగ్గర మనసు పేజీ మీద నిలవలేదు. వాడు కావాలని తప్పించుకోలేదు. ఈ మాట మళ్లీ చెబుతాను. ఇది తెలియక ఎందరో పిల్లల వీపులు వాచాయి. వాడు కావాలని చేయలేదు.

దీన్ని వైద్యంలో ఏడీహెచ్‌డీ అంటాం. ధ్యాస నిలవదు. కుదురుగా ఉండలేరు. ముందూ వెనకా చూడకుండా చేసేస్తారు. కొందరిలో ఈ మూడూ ఉంటాయి. కొందరిలో ధ్యాస నిలవకపోవడం ఒక్కటే ఉంటుంది.

అలాగని అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఈ పేరు పెట్టేయకూడదు. డాక్టరు కొన్ని సంగతులు చూస్తారు. ఇది పన్నెండేళ్లలోపే మొదలైందా? ఇంట్లోనూ ఉందా, బడిలోనూ ఉందా? ఆరు నెలలు దాటినా అలాగే ఉందా? దీనివల్ల చదువూ స్నేహాలూ దెబ్బతింటున్నాయా? బడిలో మాత్రమే ఇలా ఉండి ఇంట్లో బాగుంటే కారణం వేరే వెతకాలి. నిద్ర చాలకపోయినా, చెవి సరిగ్గా వినపడకపోయినా, ఇంట్లో రోజూ గొడవలున్నా పిల్లలు ఇలాగే కనిపిస్తారు.

ప్రపంచంలో చాలా దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, నూటికి ఐదుగురు పిల్లల్లో ఇది ఉంటుందని అంచనా. నూటికి ఐదుగురు. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ఇద్దరు. మీ ఊరి బడిలో, మీ పిల్లలు చదివే క్లాసులో కూడా వాళ్లు ఉండే ఉంటారు.

ఇది సెల్‌ఫోన్లు తెచ్చిపెట్టిన కొత్త జబ్బు కాదు. 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి వైద్యుల ముందు ఉపన్యాసాలు ఇచ్చారు. తెలివికి లోటు లేదు, కానీ తమను తాము అదుపులో పెట్టుకోలేరు అని ఆయన గమనించారు. అప్పటికి టీవీ కూడా పుట్టలేదు. పెంపకంలో తప్పు వల్ల కూడా ఇది రాదు. ఎక్కువగా వంశంలో వస్తుంది. నాన్నమ్మ అన్న మాట గుర్తుందా? ‘వాళ్ల నాన్నా ఇంతే’ అంది. ఆమెకు తెలియకుండానే ఆమె సగం నిజం చెప్పేసింది. పిల్లాడి గురించి చెబుతూ చెబుతూ, ‘నేనూ ఇలాగే ఉండేవాణ్ణి సార్’ అని మధ్యలో ఆగిపోయే తండ్రులు చాలామంది.

మరి ఆ తలలో ఏం జరుగుతుంది? 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదడు స్కానులు పోల్చి చూశారు. ఈ పిల్లల మెదడు పైపొర కూడా అందరి పిల్లల్లాగే ఎదుగుతోంది. కాకపోతే సగటున మూడేళ్లు ఆలస్యంగా. ఆ ఆలస్యం ఎక్కువగా కనిపించింది నుదుటి వెనక భాగంలో. మనల్ని ఆపి, ఆలోచింపజేసి, ఒక పని మీద నిలిపేది ఆ భాగమే.

పొలానికి నీళ్లు కట్టేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కాలువ నిండా నీళ్లున్నాయి. మడవ దగ్గర మనిషి లేడు. అప్పుడు నీళ్లు కావలసిన మడికి పోవు. పల్లం ఎటుంటే అటు పోతాయి. ఫోను ముందు గంటల తరబడి కూర్చునేవాడు పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేకపోవడానికి కారణం ఇదే. వాడికి ధ్యాస ఉంది. దాన్ని కావలసిన వైపుకు తిప్పుకునే శక్తి తక్కువ.

ఇప్పుడు చందుకు పన్నెండేళ్లు వచ్చాయి. పొద్దున లేచినప్పట్నుంచి రాత్రి పడుకునేదాకా వాడి చెవిన పడే మాటలు వినండి. ‘ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?’ ‘బుర్ర ఎక్కడ పెట్టుకున్నావు?’ ‘టిఫిన్ బాక్సు మళ్లీ పోగొట్టావా?’ ‘చెల్లెల్ని చూసి నేర్చుకో.’ ‘నువ్వెందుకూ పనికిరావు.’ బడిలో ఇవే మాటలు. ట్యూషన్‌లో ఇవే మాటలు. తాతయ్య పక్కన కూర్చుని ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటాడు. దెబ్బలకు అది అనుమతి అవుతుంది.

ఇలా ఏళ్లు గడుస్తాయి. ఒకటి రెండు నెలలు కాదు, ఏళ్లు. పనికిరావు, పనికిరావు అని అన్ని వైపుల నుంచీ విన్న పిల్లాడు చివరికి ఏం చేస్తాడు? ఆ మాట నమ్ముతాడు.

రెండో కష్టం మొదలయ్యేది అక్కడే. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో సగానికి పైగా మందికి ఇంకో ఇబ్బంది కూడా తోడుగా ఉంటుంది. కొందరికి చదవడం కష్టమవుతుంది. కొందరికి విపరీతమైన ఆందోళన. పరీక్ష రోజు పొద్దున కడుపునొప్పి అంటారు. నాటకం అనుకుంటాం. నాటకం కాదు, ఆ నొప్పి నిజం. కొందరు ప్రతి మాటకూ ఎదురు తిరుగుతారు. కొందరికి దిగులు పట్టుకుంటుంది.

ఈ దిగులు దగ్గర కాస్త ఆగుదాం. పెద్దవాళ్లకు దిగులు వస్తే ఏడుస్తారు, మూలన కూర్చుంటారు. మనకు తెలిసిపోతుంది. పధ్నాలుగు, పదిహేనేళ్ల వయసులో దిగులు చాలాసార్లు కోపంగా బయటపడుతుంది. తలుపు ధడేల్మని వేస్తాడు. అన్నం ముందు నుంచి లేచిపోతాడు. ఇష్టమైన క్రికెట్టుకు కూడా వెళ్లడు. రాత్రంతా మేలుకుని పగలంతా పడుకుంటాడు. మనం దానికి పెట్టే పేరు పొగరు. పొగరు అనుకున్నాం కాబట్టి పొగరు అణచాలని చూస్తాం. దిగులు ఇంకా ముదురుతుంది. ‘నేను లేకపోతే మీకు పీడ పోతుంది’ లాంటి మాట పిల్లల నోట వస్తే దాన్ని బెదిరింపు అనుకోకండి. ఆ మాట విన్న రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ రోజే.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. వాళ్ల విషయంలో మనం మరీ ఆలస్యం చేస్తున్నాం. ఏడీహెచ్‌డీ ఉన్న ఆడపిల్ల చాలాసార్లు బెంచీలు ఎక్కి దూకదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. పుస్తకం తెరిచే ఉంటుంది, తను మాత్రం ఎక్కడో ఉంటుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ‘మెతక పిల్ల, చదువు అబ్బలేదు’ అని పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఆ పిల్లకు ఉన్న ఇబ్బందికి చికిత్స ఉందని చెప్పేవాళ్లే ఉండరు. అల్లరి లేకపోయినా ఏడీహెచ్‌డీ ఉండొచ్చు. ముఖ్యంగా ఆడపిల్లల్లో.

ఇక మత్తు సంగతికి వద్దాం.

స్కూలు వెనక సందులో నలుగురు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఒకడు సిగరెట్టు అందించాడు. ఈ వయసులో అందరికీ కుతూహలం ఉంటుంది. కానీ మామూలు పిల్లాడి మనసులో ఒక్క క్షణం వాళ్ల నాన్న ముఖం మెదులుతుంది. ఆ ఒక్క క్షణం చాలు, చెయ్యి ఆగుతుంది. చందుకు ఆ క్షణం దొరకదు. చెయ్యి ముందే వెళ్లిపోతుంది. నాన్న ముఖం తర్వాత గుర్తొస్తుంది.

అది ఒక కారణం. ఇంకోటి చెబుతాను. బడిలో ఎందుకూ పనికిరానివాడు ఆ సందులో మొనగాడు. అక్కడ ఎవరూ మార్కులు అడగరు. ఎవరూ చెల్లెలితో పోల్చరు. భుజం మీద చెయ్యి వేసి ‘రారా చందూ’ అని పిలిచే చోటు వాడికి అదొక్కటే. మనం ఎంత బాధపడినా ఇది నిజం.

మూడో కారణం పిల్లలే చెబుతారు. నెమ్మదిగా, కోప్పడకుండా అడిగితే చెబుతారు. ‘అది పీలిస్తే తలలో గోల ఆగుతుంది సార్’ అంటారు. ‘నిద్ర పడుతుంది’ అంటారు. అంటే వాడు సరదా కోసమే వెళ్లలేదు. ఉపశమనం కోసం కూడా వెళ్లాడు. దొరికింది మాత్రం విషం.

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలను కలిపి 2011లో ఒక పరిశీలన వచ్చింది. మిగతా పిల్లలతో పోలిస్తే వీళ్లు పొగాకు ముట్టుకునే అవకాశం దాదాపు రెట్టింపు. ఏదో ఒక మత్తుకు బానిసయ్యే అవకాశం రెండున్నర రెట్లు. ఇది వినగానే భయపడకండి. ఈ పిల్లలందరూ అటు వెళ్లరు. ఎక్కువమంది వెళ్లరు. కానీ వీళ్లకు ప్రమాదం ఎక్కువ కాబట్టి మన జాగ్రత్త కూడా ముందే మొదలవ్వాలి.

మత్తు అనగానే మనకు గంజాయే గుర్తొస్తుంది. స్టేషనరీ షాపులో దొరికే వైట్నరు, పంక్చర్ షాపులో దొరికే సొల్యూషన్ గుర్తురావు. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో దేశమంతా జరిగిన సర్వే నివేదిక వచ్చింది. పెద్దవాళ్లకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఒకే ఒక్కటి, ఈ పీల్చే మత్తు. చవక. ఎక్కడైనా దొరుకుతుంది. ఇంట్లో ఉన్నా ఎవరికీ అనుమానం రాదు. ఒక్కసారి పీల్చినా గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. మొదటిసారే కావచ్చు. దయచేసి దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

గంజాయి గురించి పిల్లల మధ్య ఒక మాట తిరుగుతోంది. అది ఆకే కదా, ఏకాగ్రత పెరుగుతుంది అని. అబద్ధం. ఎదిగే వయసులో గంజాయి జ్ఞాపకశక్తిని, ధ్యాసను దెబ్బతీస్తుంది. కొందరిలో లేని గొంతులు వినిపించడం, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారనిపించడం దాకా వెళుతుంది. చందుకు ఉన్నదే కొంచెం ధ్యాస. ఆ కొంచెమూ పోతుంది.

ఇక్కడ డాక్టర్లకు కూడా ఒక చిక్కు వస్తుంది. రోజూ గంజాయి తాగే ఏ పిల్లాడైనా పరధ్యానంగానే ఉంటాడు. మరి వీడి పరధ్యానం పుట్టుకతో వచ్చిందా, గంజాయి తెచ్చిందా? అందుకే మొదట్లో అన్నాను, రెండో తరగతిలో ఎలా ఉండేవాడు అని. పాత నోటు పుస్తకాలు, ప్రోగ్రెస్ కార్డులు పారేయకండి. డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు వెంట తెండి. ఎర్ర సిరాతో రాసిన ఆ ‘అశ్రద్ధ’ కూడా వైద్యానికి ఆధారమే.

మీరంతా పేరు విన్న మనిషి గురించి చెబుతాను. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్. ఒలింపిక్స్‌లో 28 పతకాలు, అందులో 23 బంగారువి. తొమ్మిదేళ్ల వయసులో ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. తల్లి టీచరు. ఈతకొలను ఆ పిల్లాడికి కుదురు నేర్పింది. ఇంతవరకూ అందరూ చెబుతారు. పిల్లల్లో ప్రతిభ ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయి అనడానికి ఆయన పేరు వాడుకుంటారు.

మిగతా సగం కూడా చెప్పాలి. 2004లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఒలింపిక్స్ అయిన కొద్ది నెలలకే ఆయన తాగి కారు నడుపుతూ పట్టుబడ్డారు. 2014లో మళ్లీ పట్టుబడ్డారు. ఒలింపిక్స్ అయిన ప్రతిసారీ తీవ్రమైన దిగులులోకి జారిపోయేవాణ్ణని, ఒక దశలో బతకాలనిపించలేదని ఆయనే బహిరంగంగా చెప్పారు. చూడండి, మనం చెప్పుకుంటున్న మూడూ ఆ ఒక్క మనిషిలోనే ఉన్నాయి. ఏడీహెచ్‌డీ, దిగులు, మత్తు. అన్ని బంగారు పతకాలు కూడా ఆయనను కాపాడలేదు. 2014లో ఆయన చికిత్సా కేంద్రంలో చేరారు. సాయం అడిగారు. 2016లో రియోకు వెళ్లి మరో ఐదు బంగారు పతకాలు తెచ్చారు. ప్రతిభ ఉంటే చికిత్స అక్కర్లేదన్న మాట తప్పు. చికిత్స కావాలి.

చికిత్స అనగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. ‘మాత్ర ఇస్తే దానికి అలవాటు పడిపోడా? ఒక మత్తు వదిలించడానికి ఇంకో మత్తా?’ ఈ భయం సహజమే. దీనికి వివరంగా జవాబు చెబుతాను.

ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడే మందు మిథైల్‌ఫెనిడేట్. 1944లో స్విట్జర్లాండ్‌లో తయారైంది. దశాబ్దాలుగా పిల్లలకు వాడుతున్నారు. రెండున్నర వేలమందికి పైగా పిల్లల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2013లో పరిశీలించారు. ఈ మందు వాడినందువల్ల తర్వాతి రోజుల్లో మత్తు అలవాట్లు పెరగలేదని తేలింది. ఆ మరుసటి ఏడాది స్వీడన్‌లో ఆరోగ్య రికార్డులు చూస్తే, మందు వాడినవాళ్లలో మత్తు ఇబ్బందులు తక్కువగానే కనిపించాయి. మందు వాడితే చాలు, పిల్లాడు ఎప్పుడూ మత్తు జోలికి పోడు అని నేను చెప్పను. అలా చెప్పడానికి ఆధారం లేదు. కానీ మందు వల్ల మత్తుకు అలవాటు పడతాడన్న భయం వదిలేయండి. మళ్లీ చెబుతున్నాను. డాక్టరు చెప్పినట్టు వాడిన మందు పిల్లాణ్ణి మత్తు దారి పట్టించదు.

అయితే జాగ్రత్తలున్నాయి. ఆకలి తగ్గొచ్చు, నిద్ర తగ్గొచ్చు. బరువూ ఎత్తూ గుండె వేగమూ చూస్తుండాలి. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ కింద ఉన్న మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మాత్రల డబ్బా అమ్మ దగ్గరో నాన్న దగ్గరో ఉండాలి, పిల్లాడి బ్యాగులో కాదు. పరీక్షల ముందు స్నేహితులు అడిగితే ఇచ్చేయడం చాలా ప్రమాదం. ఇప్పటికే మత్తు అలవాటైన పిల్లలకు డాక్టరు అటొమాక్సెటిన్ లాంటి వేరే రకం మందు ఎంచుకోవచ్చు. దానికి మత్తు గుణం లేదు. ఏది ఇవ్వాలో డాక్టరు నిర్ణయం. మందు ఒక్కటే సరిపోదు కూడా. పిల్లాడితో మాట్లాడే కౌన్సెలింగు, తల్లిదండ్రులకు శిక్షణ, బడిలో సర్దుబాటు, ఇవన్నీ కలిస్తేనే చికిత్స.

ఇక్కడ మా వైద్య రంగం తీరు మీద కూడా ఒక మాట అనాలి. మత్తు మాన్పించే చోటికి వెళితే గంజాయి సంగతే చూస్తారు. పిల్లల డాక్టరు దగ్గరికి వెళితే ‘ముందు ఆ అలవాటు మాన్పించి తీసుకురండి’ అంటారు. దిగులు సంగతి ఎవరూ అడగరు. పిల్లాడు ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంటాడు. ఇది సరైన పద్ధతి కాదు. మూడూ ఒక్క పిల్లాడిలోనే ఉన్నాయి కాబట్టి మూడింటినీ కలిపే చూడాలి. మీరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మూడూ చెప్పండి. చిన్నప్పటి తీరు చెప్పండి. దిగులు, కోపం, నిద్ర గురించి చెప్పండి. అలవాటు గురించి దాచకుండా చెప్పండి.

దాచడానికి ఒక కారణం పోలీసుల భయం. కొంత ధైర్యం చెబుతాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. అలవాటుపడిన మనిషి, తక్కువ మొత్తానికో వాడకానికో సంబంధించిన కేసులో, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ గుర్తింపు ఉన్న చోటగానీ చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తి చేస్తే, ఆ కేసులో విచారణ నుంచి రక్షణ ఉంటుంది. మరోవైపు, పిల్లలకు మత్తు ఇచ్చినవాళ్లకు బాలల న్యాయ చట్టం ప్రకారం ఏడేళ్ల దాకా కఠిన శిక్ష పడొచ్చు. పొగాకు ఇచ్చినా ఇదే శిక్ష. చట్టం మీ పిల్లాడికి చికిత్స దారి తెరిచే ఉంచింది.

‘వారంలో మానిపిస్తాం’ అని బోర్డు పెట్టి, తలుపులకు తాళాలు వేసి, పిల్లల్ని కొట్టే చోట్లు ఉన్నాయి. అక్కడ చేర్చకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టడం నేరం. చికిత్స పేరు చెప్పినా నేరమే. చేర్చే ముందు మానసిక వైద్యుడు ఉన్నాడా, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మీరు ఎప్పుడైనా వెళ్లి పిల్లాణ్ణి చూడొచ్చా అని అడగండి. కుదరదంటే వెనక్కి వచ్చేయండి.

ఇంట్లో ఏం చేయాలి? చిన్న సంగతి చెబుతాను. ‘వెళ్లి స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, బ్యాగు సర్దుకుని, టిఫినుకు రా’ అంటాం. ఒక్క మాటలో నాలుగు పనులు. చందుకు మొదటిది వినపడుతుంది, టిఫిను వినపడుతుంది. మధ్యలో రెండూ గాలికి పోతాయి. దగ్గరికి వెళ్లండి. ముఖంలోకి చూడండి. ఒక్క పని చెప్పండి. అది అయ్యాక ‘బాగా చేశావురా’ అని ఇంకోటి చెప్పండి. టీచర్లకు కూడా ఇదే మనవి. అలాంటి పిల్లాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టండి. పది లెక్కలు ఒకేసారి ఇవ్వకుండా మూడు ఇచ్చి, అవి చూసి, మళ్లీ మూడు ఇవ్వండి. మధ్యలో డస్టరు తెమ్మని పంపండి, కాళ్లకు కాస్త పని ఉంటుంది. ఆటల పీరియడు మాత్రం శిక్షగా తీసేయకండి. వాడికి అది అన్నంతో సమానం.

ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీల గురించి నా అభిప్రాయం దాచుకోను. పొద్దున ఐదున్నరకు లేపి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టే చోటికి చందులాంటి పిల్లాణ్ణి పంపకండి. కుదురు నేర్పుతారని పంపుతారు. ఆ పిల్లాడికి అది కుదిరే చోటు కాదు. ఇంటి దగ్గర ఉండి చదివే కాలేజీలో చేర్పించండి. ర్యాంకు తగ్గితే తగ్గనివ్వండి.

చివరిగా, మళ్లీ ఆ పొట్లం దొరికిన రాత్రి గురించి. మత్తులో ఉన్నవాడితో ఆ రాత్రి ఏమీ మాట్లాడకండి. కొట్టకండి. ఒంటరిగా వదలకండి. స్పృహ సరిగా లేకపోయినా, ఊపిరి కష్టంగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. పొద్దున వాడు లేచాక, కాస్త తిన్నాక, పక్కన కూర్చుని అడగండి. ‘అది తీసుకుంటే నీకు ఏం తగ్గుతోంది నాన్నా?’ అని. ఎవరు అలవాటు చేశారని కాదు, ఏం తగ్గుతోందని. జవాబు వెంటనే రాకపోవచ్చు. ఆగండి. ఆ జవాబును డాక్టరుకు చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. గడప దాటడానికి సంకోచమైతే ముందు ఫోన్ చేయండి. టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ 2022 నుంచి నడుస్తోంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు. నంబరు 14416. మత్తు అలవాటు మాన్పించడానికి ప్రత్యేకంగా ఇంకో ఉచిత నంబరు ఉంది, 14446.

కాగితం, పెన్ను తీసుకోండి. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి. మనసుకు సంబంధించిన ఏ ఇబ్బందికైనా ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మత్తు అలవాటుకు ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు. మీకు అవసరం లేకపోతే మీ వీధిలో ఎవరికి అవసరమో మీకు తెలుసు. వాళ్లకు ఇవ్వండి.